సబ్‌మెరైన్‌లో ఖిచిడీ!

సబ్‌మెరైన్ సినిమా అనగానే మనవాళ్లకి 2017లో వచ్చిన 'ఘాజీ' గుర్తుకొస్తుంది. అది 1971 నాటి కథ. అంతకు 28 ఏళ్ల ముందే మన హైదరాబాదీ ఒకాయన సబ్‌మెరైన్లలో సగం ప్రపంచం చుట్టి వచ్చాడని మీలో ఎందరికి తెలుసు? సెట్టింగు కాదు, ట్రిక్ షాటు కాదు, అచ్చంగా సముద్రంలోనే!

పేరు ఆబిద్ హసన్. 1911లో హైదరాబాదులో పుట్టాడు. తల్లి గాంధీజీ అభిమాని. ఇంజనీరింగు చదువుకుందామని జర్మనీ వెళ్లాడు. యుద్ధం వచ్చిపడింది. కొన్నాళ్లకి సుభాష్ చంద్రబోసు కూడా అక్కడికే చేరారు. ఇంకేముంది, చదువు అటకెక్కింది! ఆబిద్ ఆయనకి సెక్రటరీ, దుబాసీ అయిపోయాడు.

1943 ఫిబ్రవరిలో ఇద్దరూ కీల్ రేవులో యు-180 అనే జర్మన్ సబ్‌మెరైన్ ఎక్కారు. లోపల ఇరుకు, ఎటు తిరిగినా డీజిల్ కంపు. అందులోనే బోసు డిక్టేషన్ చెప్పడం, ఆబిద్ రాసుకోవడం. ఒకరోజు శత్రు నౌక ఒకటి మీదికి దూసుకొచ్చింది. గుద్దిందంటే అందరూ జలసమాధే! ఆబిద్ కలం ఆగిపోయింది. బోసు మాత్రం తొణకలేదు. చెప్పిందే రెండుసార్లు చెప్పాను, నువ్వు రాసుకోవడం లేదేమిటని మందలించారట! తర్వాత ఆబిద్ స్వయంగా చెప్పిన ముచ్చట ఇది.

జర్మన్ తిండి సయించక ఆబిద్ ఓడంతా వెతికి బియ్యం, పప్పు సంపాదించాడు. ఖిచిడీ వండిపెట్టాడు. బోసుగారు ఊరుకుంటారా? జర్మన్ ఆఫీసర్లని కూడా భోజనానికి పిలిచేవారు. దాచుకున్న సరుకు కరిగిపోతుంటే వంటవాడి మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి!

ఏప్రిల్ నెలాఖరున, మడగాస్కర్‌కి ఆవల నడిసంద్రంలో జపాన్ సబ్‌మెరైన్ ఐ-29 ఎదురొచ్చింది. పోటెత్తిన అలల మీద రబ్బరు తెప్పలో, తడిసి ముద్దయి, ఇందులోంచి అందులోకి మారారు. మే నెలలో సుమత్రా దగ్గర సబాంగ్‌లో కాలు మోపారు.

ఇక్కడితో ఇంటర్వెల్. మన సినిమావాళ్లయితే ఇక్కడే శుభం కార్డు వేసేస్తారేమో! అసలు కథ ఇటు తర్వాతే ఉంది. పెన్ను పట్టిన మనిషి ఆజాద్ హింద్ ఫౌజులో చేరి, 1944లో ఇంఫాల్ యుద్ధరంగానికి వెళ్లాడు. వాన, మలేరియా, ఆకలి... ఆ తిరుగుప్రయాణంలో తూటాకి చిక్కనివాళ్లు జబ్బుకి చిక్కారు. ఆ జవాన్ల గురించి ఆబిద్ తర్వాత ఒక వ్యాసం రాశాడు. కలకత్తాలోని నేతాజీ రిసెర్చ్ బ్యూరో దాన్ని అచ్చు వేసింది. అన్నట్టు, కాషాయం రంగు మీది మమకారంతో తన పేరు చివర 'సఫ్రానీ' అని తగిలించుకున్నాడీ ముస్లిం యువకుడు. 'జైహింద్' నినాదం ఆయన ఇచ్చిందేనని చాలామంది రాస్తారు.

1945 ఆగస్టు 17, సైగాన్. బోసు ఎక్కాల్సిన జపాన్ విమానంలో ఆయన కాక ఇంకొక్కరికే చోటు. ఆ సీటు హబీబుర్ రహమాన్‌కి దక్కింది. సముద్రమంతా వెంట నడిచిన ఆబిద్ నేల మీదే ఉండిపోయాడు. మర్నాడే ఫార్మోజాలో ప్రమాదం!

తర్వాత నిర్బంధం, విడుదల, స్వతంత్ర భారత విదేశాంగ శాఖలో ఉద్యోగం. డెన్మార్క్‌లో రాయబారిగా కూడా చేశారు. 1969లో రిటైరై సొంతూరు చేరి, 1984లో కన్నుమూశారు.

దేవరుప్పుల మండలం కడవెండిలో 1946 జూలై 4న నేలకొరిగిన దొడ్డి కొమరయ్యని మన పల్లెలు మరువలేదు. మరి సఫ్రానీ పేరు చెబితే హైదరాబాదులోనే 'ఆయనెవరూ?' అంటారు! 'అనుగ్రహం' తీసిన శ్యామ్ బెనెగల్, తనూ హైదరాబాదు బిడ్డే కదా, 2005లో విడుదలైన నేతాజీ చిత్రంలో ఈ పాత్రని రజిత్ కపూర్‌తో వేయించారు. బాగానే ఉంది కానీ, అది నేతాజీ కథ. సఫ్రానీయే హీరోగా మన తెలుగులో ఎవరైనా తీస్తే మొదటి ఆటకి టిక్కెట్టు నాకొకటి ఉంచండి. ఖిచిడీ సీను మాత్రం కత్తిరించొద్దు సుమా!