నిలిపియుంచిన ట్రాక్టరు – టాంకులోని తుప్పు



నాగలికి పని లేని దినములలో మన పెద్దలు కఱ్ఱునకు నూనె పూసి, తడి తగులని చోట దాచెడివారు. పనిలో నున్న ఇనుము అరుగును, పని లేని ఇనుము తుప్పుపట్టును అని వారెఱుగుదురు. ఆ జాగ్రత్త నేడు యంత్రముల విషయమున మనకు లోపించినదని నా యభిప్రాయము.

గత సంవత్సరము స్వాతికార్తెలో జరిగిన సంగతి చెప్పెదను. ఆషాఢమాసమున పని ముగిసిన పిదప సంఘపు ట్రాక్టరును టాంకులో పాతికవంతు డీజిలుతోనే పాకలో నిలిపితిమి. శ్రావణ భాద్రపదములలో దానివంక చూచినవారు లేరు. నల్లరేగడి చేలు శనగ విత్తుటకు పదునైన నాడు దానిని బయటికి తీసితిమి. రెండు సాళ్లు పోవునంతలో ఇంజను ఆగినది. ఫిల్టరు విప్పి చూడగా లోపల ఎఱ్ఱని బురద పేరుకొనియున్నది. టాంకు దింపి కడిగించి, పంపు బాగుచేయించునప్పటికి ఎనిమిది దినములు గడచినవి. అప్పటికి నేల పైపదును ఆరెను. ఆలస్యముగా విత్తిన చేలలో మొలక పలుచనయ్యెను. మరమ్మతు ఖర్చును సంఘము భరించినది గాని, పోయిన పదును నెవరును తిరిగి తేలేకపోయిరి.

డీజిలున్న టాంకునకు తుప్పెట్లు పట్టునని కొందఱడుగుదురు. తుప్పునకు మూలము డీజిలు గాదు, దానిపైనున్న ఖాళీచోటు. టాంకు లోపలికి గాలి వచ్చిపోవుటకు సన్నని రంధ్రముండును. పగటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి వెలికి పోవును. రాత్రి చల్లబడినప్పుడు బయటి తేమగాలి లోనికి వచ్చును. ఆ తేమ చల్లని రేకుపై చెమ్మగా పట్టి, బొట్లుగా అడుగునకు జారును. నీరు డీజిలుకన్న బరువైనది గావున అడుగుననే నిలుచును. ఒక్కొక్క రాత్రి చేరునది స్వల్పమే; మాసములు గడచిన కొలది అదియే తుప్పునకు చాలును. నీటికిని డీజిలునకును నడుమ సూక్ష్మజీవులు పెరిగి, జిగురును ఆమ్లమును పుట్టించుటయు గలదు. కావున గాలిలో తేమ హెచ్చుగా నుండు వర్షకాలమున నిలిపిన యంత్రమునకే అపాయ మధికము. మనమో, పాకలో నున్నది గదా, వాన తగులదని నిశ్చింతగా నుందుము!

నివారణము సులభము. ఖాళీచోటు లేకున్న తేమగాలికి తావు లేదు. పని ముగిసిన సాయంకాలముననే, రాత్రి చల్లబడక మునుపే, టాంకును డీజిలుతో నింపవలెను. వేడికి పొంగుటకు మాత్రము కొంచెము వెలితి యుంచవలెను. నెలకొకసారి ఫిల్టరు క్రింది మర విప్పి, అడుగున చేరిన నీటిని పోనీయవలెను. టాంకు అడుగున మర యున్నచో దానిని గూడ విప్పి చూడవలెను. తిరిగి పనికి తీయునాడు ఇంజను త్రిప్పకమునుపే ఈ పని చేయవలెను. జస్తపుపూత గల డబ్బాలలో డీజిలు నిలువచేయరాదు. జస్తము డీజిలుతో కలిసి సబ్బువంటి మడ్డిగా మారి ఫిల్టరులను మూసివేయును.

పెట్రోలు యంత్రముల సంగతి వేఱు. నేడు బంకులలో దొరకు పెట్రోలులో 20 పాళ్లవరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు నీటిని పీల్చుకొనును. హద్దు మీఱినచో ఆ నీటితోగూడ విడివడి అడుగునకు దిగి రేకును తినివేయును. పెట్రోలు కొన్ని మాసములలోనే చెడును గూడ. కావున మందుకొట్టు యంత్రములు, చిన్న పంపులు మొదలగు వాని టాంకులను పూర్తిగా ఖాళీచేసి, ఇంజను దానంతట అది ఆగువఱకు నడపి, గొట్టములలోని పెట్రోలును గూడ అయిపోనీయవలెను. ఇనుపరేకు టాంకైనచో ఆఱిన పిమ్మట రెండు చెంచాల ఇంజను నూనె పోసి, అన్నివైపుల అంటునట్లు త్రిప్పి, మూత బిగింపవలెను. పాతకాలపు మోటారుకార్లను ముచ్చటపడి భద్రపరచువారును ఈ రెంటిలో నొకదానినే పాటింతురు: నిండుగానైన నుంచుట, లేదా పొడిగా తుడిచి నూనె పట్టించుట. సగము టాంకు మాత్రము పనికిరాదు.

ఒక్క హెచ్చరిక. తుప్పు తిని చిల్లిపడిన టాంకును ఖాళీగా నున్నదిగదా యని తిన్నగా వెల్డింగునకు ఈయరాదు. ఖాళీ టాంకులో నిలిచిన ఆవిరి నిప్పు తగిలిన ప్రేలును. అది ప్రాణాంతకము.

"50 లీటర్ల డీజిలు, అనగా 5 వేల రూపాయలకు చేరువ సొమ్ము, మూడు నెలలు ఊరక పడియుండవలెనా? దొంగల కెర వేయవలెనా?" అని కొందఱు సభ్యు లాక్షేపించిరి. ఈ మాట కొట్టివేయదగినది కాదు. దొంగల భయమునకు తాళపు మూత గలదు. సొమ్ము మాటకు వచ్చినచో, డీజిలు టాంకులో నున్నంతమాత్రమున నష్టము కాలేదు. కొన్ని మాసములు చెడక నిలిచి, మరుసటి దుక్కిలో ఖర్చగును. తుప్పుపట్టిన టాంకు మాత్రము తిరిగి రాని ఖర్చు.

అసలు దోషము డీజిలు ధరలో లేదు. ఎవరి యెద్దును వారు సాకుకొందురు గాని, సంఘపు ట్రాక్టరు అందఱిదగుటచే ఎవరికిని పట్టకున్నది. కడపట దున్నినవాడు తన పని యైనదని వదలిపోవును; ముందు దున్నబోవువాడు తన వంతు రాలేదని యూరకుండును. ఈ రెంటి నడుమ తుప్పు పెరుగును.

కావున రాబోవు సర్వసభ్య సమావేశమున మూడు నిబంధనలు చేయవలెనని కోరుచున్నాను. మొదటిది, యంత్రమును నిండు టాంకుతో పుచ్చుకొన్న సభ్యుడు నిండు టాంకుతోనే ఒప్పగింపవలెను. ఇందువలన ఎవడు కాల్చిన డీజిలునకు వాడే సొమ్మిచ్చును. లెక్కలలో తగవు రాదు. రెండవది, పని లేని మాసములలో యంత్రమునకు ఒక సభ్యుని బాధ్యునిగా నియమింపవలెను. మూడవది, ప్రతి నెల మొదటి తేదీని నీరు దీసినట్లు అతడు పుస్తకమున వ్రాసి సంతకము చేయవలెను.

అరగంట పని, ఒక పుస్తకము, ఒక తాళము. ఇంతమాత్రమునకు వెనుదీసి మరల అదను పోగొట్టుకొందుమా? సభ్యులు యోచింతురు గాక.

ఇట్లు,
ఒక సభ్యుడు