వైనరీకి వెళ్తే లైకు, కల్లు పాకకి వెళ్తే మౌనవ్రతం

ఆ మధ్య టీమ్ అవుటింగ్ పేరుతో మమ్మల్ని నంది హిల్స్ వైపున్న ఒక వైనరీకి తీసుకెళ్ళారు. బెంగళూరులో ఉద్యోగం చేసే మనవాళ్ళు చాలామంది ఈపాటికి చూసే ఉంటారు కాబట్టి వర్ణన అక్కర్లేదు. ద్రాక్ష తోటలో ఫోటోలు, స్టీలు ట్యాంకులు, చెక్క పీపాలు, చివర్లో తలా ఐదు గ్లాసులు. గైడు చెప్పినట్టే గ్లాసు తిప్పి వాసన చూశాం. అందరికీ ఏవేవో పళ్ళ వాసనలు తగిలాయట, నాకు మాత్రం పులిసిన ద్రాక్ష వాసనే వచ్చింది :)

ఫోటోలు ఇంటి గ్రూపులో పెడితే అమ్మ "బాగుంది నాన్నా, అక్కడ చల్లగా ఉందా?" అని రాసింది. ఇదే అమ్మ, ఇంటర్ సెలవుల్లో నేను గుడివాడ దగ్గర మా ఊరి కల్లు పాక ముందు కనబడ్డానని ఎవరో మోసేస్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు! అప్పుడు నేను తాగింది కూడా లేదు, ముంజలు కొనడానికి వెళ్ళాను. (నిజంగానే!)

ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది అనేదే నా గొడవ.

నాసిక్ లో సూలా పెట్టిన రాజీవ్ సామంత్ మన బాపతే, స్టాన్‌ఫర్డ్ లో ఇంజనీరింగ్ చదివి ఒరాకిల్ లో పనిచేసి వెనక్కి వచ్చాడు. 2000లో మొదటి వైను, 2005లో వచ్చిన జనం రుచి చూడ్డానికి ఒక గది, 2022 డిసెంబరులో షేర్ మార్కెట్ లిస్టింగ్. మధ్యలో 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష వైను కోసం ప్రత్యేకంగా ఒక పాలసీయే తెచ్చింది. తినే ద్రాక్షకి పేరున్న ఊరు అలా టూరిస్టు ఊరైంది. మన దగ్గరేమో వైన్ షాపుల్లో వైను తప్ప అన్నీ దొరుకుతాయి.

అసలు విడ్డూరం ఇంకోటి. వైను సీసాలో పడి ప్రపంచమంతా తిరుగుతుంది, తోట దాకా వెళ్ళక్కర్లేదు. అయినా జనం టికెట్ కొని వెళ్తారు. కల్లు అలా కాదు. గెల కొస రోజుకి రెండుసార్లు పల్చగా చెక్కాలి, చుక్కచుక్కగా ముంతలో పడిన రసం అక్కడే పులవడం మొదలెడుతుంది, ఒక రోజు దాటితే పుల్లటి నీళ్ళే. ముంతకి లోపల సున్నం రాస్తే పులవకుండా తియ్యగా నీరా దిగుతుంది. అంటే రుచి చూడాలంటే చెట్టు కిందకే పోవాలి. నిజంగా టూరు అవసరమైన సరుకు ఇదీ! కానీ బందరులో డచ్చి వాళ్ళ సమాధులు చూసి, నాగాయలంకలో పడవెక్కి, హంసలదీవిలో కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు చూసిన వాళ్ళు, దారిపొడుగునా తాళ్ళు కనబడుతున్నా కూల్ డ్రింకు తాగి వెనక్కొచ్చేస్తారు. హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ పెట్టారు, దివిసీమలో ఒక్కటి పెడితే ఏం పోతుంది?

ఇదంతా అమ్మతో వాదించాను. అమ్మ చెప్పింది విన్నాక మాత్రం కాసేపు నోరు లేవలేదు. మా తాతయ్య రెండెకరాలు సారాకి పోయాయి. అమ్మ మొదటి ఓటు 1994లో. మద్యనిషేధం పెడతానన్నది మన నిమ్మకూరు ఆయనే, 1995 జనవరిలో పెట్టాడు కూడా, 1997లో తరవాత వాళ్ళు ఎత్తేశారు. "మీ వైనరీకి వెళ్ళినవాళ్ళు ఇంటికొచ్చి పెళ్ళాన్ని కొట్టరుగా" అంది.

అది నిజమేనా అని నాకు అనుమానం. ఏసీ కారులో ఇంటికెళ్ళినవాళ్ళు ఏం చేస్తారో మనకి వినబడదు, అంతే. సారాకీ కల్లుకీ తేడా లేదని నేననను, ఉంది. కానీ అమ్మ భయం తాగే వస్తువు మీద కాదు, తాగే మనిషి జేబు మీద. పేదవాడు తాగితే వ్యసనం, మనం తాగితే అనుభవం! రెండెకరాలు పోయిన ఇంట్లో పుట్టిన ఆవిడ అలా అనుకోవడం నేను తప్పు పట్టను. కానీ పాలసీలు చేసేవాళ్ళు కూడా అలాగే అనుకుంటే, చెట్టు మీంచి పడి నడుం విరిగే గీత పనివాళ్ళ గతేం కావాలి? మా ఊళ్ళో చేపల చెరువులొచ్చి గట్ల మీది తాళ్ళు సగం పోయాయి. కల్లు గీసే బాబాయి కొడుకు హైదరాబాదులో క్యాబ్ నడుపుతున్నాడు.

మొన్న సంక్రాంతికి ఆ బాబాయినే అడిగాను, వేసవిలో నలుగురు ఫ్రెండ్సుని తెస్తా, చెట్టెక్కడం చూపిస్తావా, మనిషికి ఇంతని ఇస్తాం అని. పెద్దగా నవ్వాడు. "చూడ్డానికి డబ్బులేంట్రా? మోకు పాతబడిపోయింది, అది కొనిపెట్టు చాలు" అన్నాడు.

మోకు కొనేశాను. అమ్మకి ఇంకా చెప్పలేదు.