రెండు వందల రూపాయల పేలుడు

నాగార్జునసాగర్ వెనుక జలాల్లో జిలెటిన్ కడ్డీలు పేల్చి చేపలు పట్టడం గురించి చర్చ వచ్చినప్పుడల్లా మనవాళ్లు రెండు మాటల దగ్గరే ఆగిపోతున్నారు. మత్స్య సంపద పాడవుతోందని ఒక మాట, మత్స్యకారులకు అవగాహన కల్పించాలని ఇంకో మాట. రెండింట్లోనూ నిజం ఉంది. ఆ రెండు మాటల చాటున తప్పించుకుంటున్నవాళ్లూ ఉన్నారు. బండలు పగలగొట్టడానికి, లైసెన్సు ఉన్న గోదాములో తాళం వేసి ఉంచడానికి తయారైన సరుకు సాగర్ ఒడ్డు నందికొండ పడవలోకి ఎలా వచ్చిందని అడిగేవాడు కనబడడు. నా వాదన సూటిగా చెబుతాను. ఇది చేపల నేరం కాదు, పేలుడు పదార్థాల నేరం. దీన్ని చేపల ఖాతాలో రాసినంతకాలం చేతులు తెగిపడుతూనే ఉంటాయి.

ఎందుకు చేపల ఖాతాలో రాస్తున్నారో తెలియాలంటే ఒక అంకె చూడాలి. దేశంలో నీళ్లలో పేలుళ్లను నిషేధించిన పాత చట్టం 1897 నాటి ఇండియన్ ఫిషరీస్ యాక్ట్. దాని నాలుగో సెక్షన్ ప్రకారం డైనమైటో మరో పేలుడు పదార్థమో వాడి చేపలు పట్టినవాడికి రెండు నెలల వరకు జైలు, లేదా రెండు వందల రూపాయల వరకు జరిమానా. రెండు వందలు గరిష్ఠం. 1897లో ఆ మొత్తం పేద రైతు కుటుంబాన్ని కుదేలు చేసేది. ఇవాళ ఆ డబ్బుతో సాగర్ గట్టున కిలో కొర్రమీను రాదు.

ఆ చట్టం తన పరిధి నుంచి పూర్వపు పార్ట్-బి రాష్ట్రాలను, అంటే సంస్థానాల నుంచి ఏర్పడిన రాష్ట్రాలను మినహాయించింది. ఎడమ ఒడ్డు ఉన్న హైదరాబాద్ రాష్ట్రం వాటిలో ఒకటి. అంటే రెండు వందల రూపాయల అంకె పుట్టింది కుడి ఒడ్డు కోసం, మాచర్ల వైపు కోసం. ఎడమ ఒడ్డున నందికొండ, నేరేడుగొమ్ము, చందంపేట వైపు లెక్క వేరు. నీళ్లు మాత్రం ఒకటే, పడవ ఒకటే, కడ్డీ ఒకటే. నది మధ్యలో చట్టం మారిపోతుందని పేల్చేవాడికి తెలియదు, పట్టుకునేవాడికీ చాలాసార్లు గుర్తుండదు. రెండు ఒడ్డుల మీదా మిగిలింది ఆ రెండు వందల రూపాయల దృష్టే: ఇది చిల్లర తప్పు, చేపలవాళ్ల గొడవ, నాలుగు మాటలు చెప్పి వదిలేయొచ్చు అనే దృష్టి.

నందికొండ వాళ్లకు బ్లాస్టింగ్ అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. 124 మీటర్ల ఎత్తు రాతి ఆనకట్టను కట్టిన ఊరు అది. హిల్ కాలనీ, పైలాన్ కాలనీల్లో తాతల తరం బండలు పగలగొట్టి బతికింది. ఎర్రజెండా ఎప్పుడు పాతుతారో, విజిల్ ఎన్నిసార్లు వేస్తారో, పేలని మందు దగ్గరికి ఎందుకు వెళ్లకూడదో వాళ్ల ఇళ్లలో కథలుగా చెప్పుకున్నారు. ఈనాటి గని నిబంధనలైనా అంతే కఠినం. బహిరంగ గనిలో మందు పేల్చేటప్పుడు కనీసం 300 మీటర్ల మేర ప్రమాద ప్రాంతం. ఆ లోపల మనిషి నిలబడితే సరైన రక్షణ కింద ఉండాలి. పేల్చేవాడికి సర్టిఫికెట్ ఉండాలి. ఎన్ని కడ్డీలు తెచ్చారు, ఎన్ని వాడారు, ఎన్ని మిగిలాయి అన్నది రిజిస్టర్‌లో పడాలి.

ఇప్పుడు పడవలోకి చూద్దాం. అక్కడ 300 మీటర్లు లేవు, ఒక చేతి పొడవే ఉంది. పేలుడు నీటిలో జరగాలంటే వత్తి అంటుకున్నాక కడ్డీ చేతిలో ఉండే సమయం క్షణాల్లోకి కుదించుకుపోతుంది. తడి చేయి, ఊగే పడవ, పక్కన మరో మనిషి, చాలాసార్లు మద్యం. వత్తి కాలే వేగం ఆ సరుకు ఎన్నేళ్ల పాతదో, ఎక్కడ తడిసిందో దాన్నిబట్టి మారుతుంది. గనిలో అయితే అలాంటి సరుకును వాడకుండా పక్కన పెడతారు. దొంగదారిన వచ్చిన సరుకుకు పుట్టుక తేదీ ఎవరు చెబుతారు? మణికట్టు దాకా చేయి పోయిన మనుషులు కృష్ణా, గోదావరి ఒడ్డు ఊళ్లలో ఉన్నారు. ఆస్పత్రిలో వాళ్లలో చాలామంది నిజం చెప్పరు, చెబితే కేసు. కాబట్టి గాయాల లెక్క ఎక్కడా సరిగ్గా తేలదు. లెక్క తేలకపోతే సమస్యే లేదనుకునే యంత్రాంగం మనది.

బతుకుదెరువు కోసం ఈ పని చేసేవాళ్లు కొందరు. సరదా కోసం చేసేవాళ్లు వేరే ఉన్నారు, నాకు వాళ్ల మీదే ఎక్కువ కోపం. ఎండాకాలం సాగర్ నీటిమట్టం 590 అడుగుల నుంచి కిందికి దిగుతూ 510 వైపు వచ్చేసరికి వెనుక జలాల్లో మడుగులు తేలతాయి, చేపలు అక్కడ చేరతాయి. దావత్ పేరుతో బయటి నుంచి వచ్చినవాళ్లకు వల వేసి గంటలు కూర్చునే ఓపిక ఉండదు. ఒక్క దెబ్బకు నీళ్లు పైకి లేవాలి, ఫోన్‌లో వీడియో పడాలి. విశాఖ తీరం నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారుల వైజాగ్ కాలనీ లాంటి చోట్ల వలతో బతికే కుటుంబాలు ఏళ్లుగా నిలబెట్టుకున్న నీటిని వీళ్లు ఒక సాయంత్రం ఉబలాటం కోసం పాడు చేసి వెళ్తారు. పేలుడు అలకు చేప కడుపులోని గాలితిత్తి పగిలిపోతుంది. అలా చచ్చిన చేపల్లో చాలావరకు పైకి తేలవు, అడుగుకు పోతాయి. చేతికి దొరికింది కొంత, అడుగున కుళ్లింది అంతకన్నా ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా వదులుతున్న చేపపిల్లలకు ఆ అలలో పెద్దా చిన్నా తేడా ఉండదు.

ఇదే సరదాకు అమెరికాలో మరో రూపం ఉంది. మన పిల్లలు వారాంతాల్లో షూటింగ్ రేంజ్‌లకు వెళ్లి వీడియోలు పంపుతున్న దేశమే కనుక ఇది మనకూ దూరపు సంగతి కాదు. తూటా తగిలితే పేలే టార్గెట్లను అక్కడ దుకాణాల్లో ఆటవస్తువుల్లా అమ్ముతారు. వాటిలో ప్రధానంగా ఉండేది అమ్మోనియం నైట్రేట్. కలపక ముందు విడివిడిగా ఉంటే అది పేలుడు పదార్థం కిందికి రాదని అక్కడి ఫెడరల్ నిబంధన. 2017 ఏప్రిల్‌లో ఆరిజోనాలో డ్యూటీలో లేని ఒక సరిహద్దు గస్తీ ఉద్యోగి పుట్టబోయే బిడ్డ ఆడో మగో ప్రకటించే వేడుకలో అలాంటి టార్గెట్‌ను కాల్చాడు. గడ్డి అంటుకుంది. దాదాపు 47 వేల ఎకరాలు కాలిపోయాయి. కోర్టు ఆయన నుంచి 80 లక్షల డాలర్లకు పైగా రాబట్టాలని ఆదేశించింది. పేలుడును ఆటవస్తువుగా అమ్మనిచ్చిన దేశం కూడా నష్టం జరిగాక దాన్ని చిల్లర జరిమానాతో వదిలేయలేదు. మన పుస్తకంలో ఇంకా రెండు వందల రూపాయలే.

మన దగ్గర అమ్మోనియం నైట్రేట్ విషయంలో నిబంధన వాళ్లకన్నా గట్టిదే. బరువులో 45 శాతానికి మించి అది ఉన్న ఏ మిశ్రమమైనా పేలుడు పదార్థమేనని కేంద్రం 2011లో ప్రకటించింది, 2012లో ప్రత్యేక నియమాలు తెచ్చింది. ఆ గట్టిదనం ఊరికే రాలేదు. 2007 ఆగస్టు 25న హైదరాబాద్‌లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌ల దగ్గర 40 మందికి పైగా ప్రాణాలు తీసింది అమ్మోనియం నైట్రేట్ ఆధారిత పారిశ్రామిక పేలుడు పదార్థమే. నైట్రోగ్లిజరిన్ తోటాల కాలం పోయింది. ఇవాళ మనం అలవాటుగా జిలెటిన్ అని పిలిచే కడ్డీల్లో చాలావాటికి ఆధారం ఇదే రసాయనం. అంటే గనుల నుంచి జారిపోయే సరుకు చేపల దగ్గరే ఆగుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. అది అడవి అంచున పందుల కోసం పెట్టే నాటు బాంబుగా మారొచ్చు. 2020లో కేరళలో పాలక్కాడ్ దగ్గర గర్భంతో ఉన్న ఏనుగు అలాంటి పేలుడు ఎర కొరికి నదిలో నిలబడి చచ్చిపోతే దేశమంతా కంటతడి పెట్టింది. సాగర్ వెనుక జలాలకు ఒక పక్క అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉందని గుర్తుపెట్టుకుంటే చాలు.

మరి సరుకు ఎక్కడి నుంచి వస్తోంది? నల్లగొండ, సూర్యాపేట జిల్లాల కృష్ణా పరీవాహకం సున్నపురాయి నేల. వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెర్వు చుట్టూ సిమెంటు కర్మాగారాలు, వాటికి గనులు. కుడి ఒడ్డున మాచర్ల వైపు కూడా అదే రాయి. చిన్నా చితకా క్వారీలు, బావుల తవ్వకాలు వేరు. వీళ్లందరూ తప్పు చేస్తున్నారని నేను అనడం లేదు. పేలుడు కడ్డీని ఏ మత్స్యకారుడూ ఇంట్లో వండుకోడని, అది చట్టబద్ధమైన ఏదో ఒక గోదాము నుంచి ఎప్పుడో ఒకప్పుడు బయటికి వచ్చి తీరాలని మాత్రమే అంటున్నాను. పెట్టెకు తయారీదారు ఉంటాడు, బ్యాచ్ ఉంటుంది, కొన్నవాడి లైసెన్సు ఉంటుంది. వెనక్కి నడిస్తే దారి దొరుకుతుంది. నడవడం లేదు, అంతే.

2021లో మొదటి అయిదు నెలలు చాలు ఈ సరుకు స్వభావం అర్థం కావడానికి. జనవరిలో కర్ణాటకలో శివమొగ్గ దగ్గర లారీలోని పేలుడు పదార్థాలు పేలి కూలీలు చనిపోయారు. ఫిబ్రవరిలో చిక్కబళ్లాపుర దగ్గర అక్రమంగా దాచిన జిలెటిన్ కడ్డీలను వదిలించుకోబోయి ఆరుగురు చనిపోయారు. మే 8న కడప జిల్లా మామిళ్లపల్లె గని దగ్గర కడ్డీలు దించుతుండగా పేలి పదిమంది చనిపోయారు. వీళ్లు ఈ పనితో రోజూ మెలిగేవాళ్లు. వాళ్ల చేతుల్లోనే అంత పని జరిగితే, సెలవు రోజు సరదా కోసం కడ్డీ పట్టుకున్న ఇరవై ఏళ్ల కుర్రాడి చేతిలో ఏం జరుగుతుందో ఊహించలేమా?

అతిశయోక్తులు చెప్పేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. ఈ పేలుళ్లతో సాగర్ ఆనకట్టకే ముప్పు అని భయపెట్టేవాళ్లున్నారు. ఎక్కడో మైళ్ల దూరంలో వెనుక జలాల్లో పేలే ఒక కడ్డీకి ఆ రాతికట్టడం చలించదు. ఇలాంటి మాటలు వినగానే ఇంజనీర్లు కొట్టిపారేస్తారు, దాంతోపాటు అసలు ప్రమాదాన్నీ కొట్టిపారేస్తారు. ముప్పు ఆనకట్టకు కాదు, పడవలో ఉన్న నలుగురికి.

కఠిన చట్టం పెడితే పేద మత్స్యకారుడి మెడకే చుట్టుకుంటుందనే వాదన కూడా ఉంది. అందులో న్యాయముంది. అందుకే వలవాడి దగ్గర ఆగిపోవద్దంటున్నాను. ఆగిపోతున్నది ప్రభుత్వమే. వలవాడికి రెండు వందల రూపాయలు వేసి ఫైలు మూసేస్తే కడ్డీ అమ్మినవాడి పేరు ఆ ఫైలులోకి రానే రాదు.

అమ్మినవాడికైనా చట్టం ఏం దాచిపెట్టింది? 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ యాక్ట్ 9-బి సెక్షన్‌లో నిబంధనలకు విరుద్ధంగా పేలుడు పదార్థాన్ని కలిగి ఉన్నా, వాడినా, అమ్మినా, తరలించినా రెండేళ్ల వరకు జైలు, లేదా మూడు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాను యాభై వేలకు పెంచాలని 2024లో కేంద్రం ముసాయిదా బిల్లు తయారుచేసింది. ఆ పెంపును ఆహ్వానిద్దాం. అయితే నీళ్లలో పేలుడుకు రెండు వందలు రాసిన చట్టం సంగతి ఆ చర్చలో ఎవరికీ గుర్తులేదు.

కొత్త చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకోవాల్సిన పనీ లేదు. 1908 నాటి ఎక్స్‌ప్లోజివ్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్ అలాగే ఉంది. ప్రాణాలకు ముప్పు కలిగేలా పేలుడు జరిపితే, అనుమానాస్పదంగా పేలుడు పదార్థం ఉంచుకుంటే ఏళ్ల తరబడి శిక్షలు అందులో ఉన్నాయి. దాని ఏడో సెక్షన్ ప్రకారం కేసు విచారణకు జిల్లా మేజిస్ట్రేట్ సమ్మతి కావాలి. జిల్లా మేజిస్ట్రేట్ అంటే కలెక్టర్. పేలుడు పదార్థాల గోదాముకు నిరభ్యంతర పత్రం ఇచ్చేదీ ఆ కుర్చీయే. గోదాము తలుపు తెరిచే సంతకం, కేసు తలుపు తెరిచే సంతకం ఒకే చేతిలో ఉన్నప్పుడు, మధ్యలో సరుకు ఎలా మాయమైందో తమకు తెలియదని చెప్పే హక్కు ఆ కార్యాలయానికి లేదు.

కాబట్టి ఎడమ ఒడ్డుకు నల్లగొండలోనూ, కుడి ఒడ్డుకు నరసరావుపేటలోనూ కూర్చున్న కలెక్టర్లు ముందు కొన్ని విషయాలు బయటపెట్టాలి. కృష్ణకు ఇటూ అటూ ఎన్ని గోదాములకు అనుమతి ఉంది? వాటి స్టాకు రిజిస్టర్లను చివరిసారి ఎవరు, ఏ రోజు లెక్కించారు? సాగర్ నీళ్లలో దొరికిన ఎన్ని కడ్డీల బ్యాచ్ నంబర్లను తయారీదారు దాకా తీసుకెళ్లారు? ఎన్ని కేసుల్లో 1908 చట్టం కింద సమ్మతి ఇచ్చారు, ఎన్ని బల్లమీద పడి ఉన్నాయి? మత్స్యశాఖను అవగాహన సదస్సు పెట్టమని ఆదేశించి చేతులు దులుపుకోవద్దు. ఎండాకాలం వస్తుంది, నీరు దిగుతుంది, మడుగులు తేలతాయి. ఆ లోపు ఈ నాలుగు ప్రశ్నలకు అంకెలతో జవాబు చెప్పకపోతే, తర్వాత తెగిపడే ప్రతి చేయికీ వాళ్ల కార్యాలయాలే బాధ్యత వహించాలి.