మేడలు మాదాపూర్‌లో, తాళాలు వాషింగ్టన్‌లో



దేశ విదేశాల సంగతులు మేము వ్రాసినప్పుడల్లా కొందరు అడిగే మాట ఒకటి వున్నది. "ఢిల్లీలో బడ్జెట్టు, అమెరికాలో ఎన్నికలు, ఇవన్నీ మా పల్లెటూరి వాళ్ళకు ఎందుకండీ?" అని. జవాబు కొరకు ఎక్కడికో పోనక్కరలేదు. ఆదివారము ఆరాధనలో ప్రార్థన విన్నపాలు చదివేటప్పుడు చెవి యొగ్గి వింటే చాలును. ఒకరి కుమారునికి హైటెక్ సిటీలో ఉద్యోగము రావాలి. ఒకరి కుమార్తెకు వచ్చిన ఉద్యోగము నిలవాలి. ఒకరి అల్లునికి వీసా దొరకాలి. వర్షము కొరకు చేసే విన్నపము ప్రక్కనే ఈ విన్నపాలు కూడ వచ్చి చేరాయి. వర్షము సంగతి మనకు తాతల నాటి నుండి తెలుసు. మబ్బు ఎటు నుండి వస్తుందో, ఏ కార్తెలో విత్తనము వేయాలో తెలుసు. మరి ఈ ఉద్యోగాల మబ్బు ఎటు నుండి వస్తుంది? ఎందుకు కురుస్తుంది? ఎందుకు మొహము చాటేస్తుంది? ఈ నెల ఆ సంగతి చూద్దాము.

హైటెక్ సిటీ దానంతట అది మొలవలేదు. 1991లో మన దేశము దగ్గర విదేశీ మారకద్రవ్యము కొద్ది వారాల దిగుమతులకు సరిపోయేంత మాత్రమే మిగిలినది. పిల్ల చదువుకు తల్లి మెడలోని గొలుసు తాకట్టు పెట్టినట్లు, దేశము తన బంగారాన్ని విదేశాలలో తాకట్టు పెట్టవలసి వచ్చినది. ఆ సంవత్సరమే ప్రధానమంత్రి అయిన మన తెలుగువారు పి.వి. నరసింహారావు గారు, ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ గారు జులై నెలలో రూపాయి విలువ తగ్గించారు, లైసెన్సుల పద్ధతిని సడలించారు, విదేశీ పెట్టుబడికి తలుపు తెరిచారు. అదే సంవత్సరము కేంద్ర ప్రభుత్వము సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా అనే సంస్థను స్థాపించినది. సాఫ్ట్‌వేరు ఎగుమతి చేసే కంపెనీలకు ఉపగ్రహము ద్వారా సమాచారము పంపే సౌకర్యము, పన్నులలో రాయితీ దొరికాయి. హైదరాబాదులో ఆ సంస్థ అమీర్‌పేటలోని మైత్రీవనము భవనములో పని చేసినది.

ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వము ముందుకు వచ్చినది. చంద్రబాబు నాయుడు గారు ముఖ్యమంత్రిగా వున్న రోజులలో ప్రభుత్వ సంస్థయైన ఎ.పి.ఐ.ఐ.సి., ఎల్ అండ్ టి కంపెనీ కలిసి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ కట్టాయి. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు దానిని ప్రారంభించారు. మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, ఇవన్నీ అంతకు ముందు బండరాళ్ళ మధ్య వున్న రంగారెడ్డి జిల్లా గ్రామాలే. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ గారు హైటెక్ సిటీకి వచ్చి ప్రసంగించారు. ఇటువైపు పోలీసు కమిషనరేటుకు కూడ సైబరాబాద్ అని పేరు పెట్టారు.

అమెరికా అధ్యక్షుడు మాదాపూర్ దాకా ఎందుకు వచ్చినట్లు? అప్పటికే మన పిల్లల పని అక్కడి కంపెనీలకు అవసరమైపోయినది గనుక. పాత కంప్యూటర్లలో సంవత్సరమును రెండు అంకెలతోనే వ్రాసేవారు. 2000 సంవత్సరము వస్తే యంత్రము దానిని 1900 అనుకొంటుందని భయము పుట్టినది. ఆ లెక్కలు సరిదిద్దే పనికి వేలాది మంది కావలసి వచ్చారు. మన దేశములో ఆంగ్లము, లెక్కలు వచ్చిన యువకులు దొరికారు. అమెరికా వారు హెచ్-1బి వీసాల సంఖ్యను పెంచి, 2001 నుండి 2003 వరకు సంవత్సరానికి 1,95,000 చేశారు. తరువాత అక్కడ వ్యాపారము మందగించినది. 2004లో ఆ సంఖ్య మరల 65,000కు దిగినది. ఒక దేశపు చట్టసభలో ఒక అంకె మారితే అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కుర్చీలు నిండుతాయి, ఖాళీ అవుతాయి. ఇది మొదటి పాఠము.

2008లో అమెరికా బ్యాంకులు కూలినప్పుడు ఇక్కడ కంపెనీలు క్రొత్తవారిని తీసుకొనుట తగ్గించాయి. అది చాలదన్నట్లు 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు గారు తమ లెక్కలలో వేల కోట్ల రూపాయలు లేనివి వున్నట్లు చూపామని తామే ఉత్తరము వ్రాశారు. ఆ కంపెనీలో పని చేసేవారు సుమారు 53,000 మంది. వారి తల్లిదండ్రులలో ఎందరో మన కోస్తా, తెలంగాణ, రాయలసీమ గ్రామాలవారు. కేంద్ర ప్రభుత్వము పాత డైరెక్టర్ల బోర్డును తొలగించి క్రొత్త బోర్డును నియమించినది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని తీసుకొన్నది. దెబ్బ బయటి నుండే వస్తుందనుకోరాదు, ఇంటిలో నుండి కూడ రావచ్చును. ఇది రెండవ పాఠము.

ఇన్ని దెబ్బలు తిన్నా ఆ ప్రాంతము ఎదుగుట మానలేదు. 2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రమైనది. ప్రభుత్వము లెక్కల ప్రకారము 2013-14లో ఐటి ఎగుమతులు సుమారు 57 వేల కోట్ల రూపాయలు, ఉద్యోగులు 3 లక్షల 23 వేల మంది. 2022-23 నాటికి ఎగుమతులు 2 లక్షల 41 వేల కోట్లు దాటాయి, ఉద్యోగులు 9 లక్షలు దాటారు. తెలుగుదేశము, కాంగ్రెసు, తెలంగాణ రాష్ట్ర సమితి, మరల కాంగ్రెసు, ఏ పార్టీ ప్రభుత్వము వచ్చినా ఈ ఒక్క విషయములో దారి మార్చలేదు. ఉమ్మడి రాష్ట్రములో 2008 ప్రాంతములో రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వము తెచ్చిన ఫీజు రీయింబర్సుమెంటు వలన కూలి పని చేసేవారి పిల్లలు సైతము ఇంజనీరింగు చదివారు. ఇది చిన్న మేలు కాదు. ఒక్క జీతముతో ఇంటి అప్పు తీరి, చెల్లెలి పెండ్లి జరిగి, తండ్రికి కంటి ఆపరేషను అయిన ఇండ్లు మన సంఘాలలో ఎన్నో వున్నాయి.

ఇక ఇటీవలి సంగతికి వద్దాము. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ గారు క్రొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ప్రకటన చేశారు. అప్పటి లెక్కన అది సుమారు 88 లక్షల రూపాయలు. ఆ రాత్రి మన పల్లెలలో కూడ ఎన్నో ఇండ్లకు నిద్ర లేదు. ఈ వీసాలు పొందేవారిలో 100కు 70 మంది మన దేశస్థులే మరి. తరువాత వచ్చిన వివరణలలో తెలిసినదేమంటే, ఈ రుసుము కట్టవలసినది ఉద్యోగి కాదు, కంపెనీ. అది ఒక్కసారి కట్టేది. అప్పటికే వీసా వున్నవారికి, పొడిగింపు కోరేవారికి అది వర్తించదు. పన్నెండు నెలల కొరకు ఆ ప్రకటన చేశారు. ఫోనులో వచ్చిన సగము వార్త ఎంత భయపెట్టగలదో ఆ రెండు రోజులలో చూశాము.

అదే సంవత్సరము ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకమును 50 శాతమునకు పెంచినది. రష్యా నుండి మనము చమురు కొంటున్నామన్నది అందులో సగానికి చెప్పిన కారణము. చమురు కొన్నది ఎవరు? కష్టము వచ్చినది ఎవరికి? భీమవరము, నెల్లూరు ప్రాంతాలలో రొయ్యల చెరువులు వేసుకొన్న రైతులకు! మన రొయ్యలకు అమెరికాయే పెద్ద గిరాకీ గనుక ఇక్కడ కొనుగోలు ధరలు పడిపోయాయి. తండ్రి చెరువు గట్టు మీద, కొడుకు హైటెక్ సిటీ పదవ అంతస్తులో. ఇద్దరి అన్నమూ ఒకే ఊరిలో చేసిన సంతకము మీద ఆధారపడి వున్నది. ఈ సంగతి తండ్రికీ తెలియాలి, కొడుకుకూ తెలియాలి.

రూపాయి సంగతి కూడ ఇటువంటిదే. 2025 డిసెంబరులో డాలరు ధర మొదటిసారి 90 రూపాయలు దాటినది. హైటెక్ సిటీ కంపెనీకి డాలర్లలో డబ్బు వస్తుంది, జీతాలు రూపాయలలో ఇస్తుంది. కాబట్టి దానికి కొంత మేలు. కాని మనము వాడే వంటనూనెలో సగానికి మించి బయటి దేశాల నుండి వచ్చినదే. పెట్రోలు, డీజిలు తయారయ్యే ముడి చమురు, ఎరువులు లేక వాటి ముడి సరుకులు కూడ చాలావరకు అలా వచ్చినవే. రూపాయి పడితే వాటికి ఎక్కువ చెల్లించాలి. ఆ భారము ప్రభుత్వమైనా మోయాలి, మనమైనా మోయాలి. ప్రభుత్వము మోసినా ఆ డబ్బు మనదే.

ఇక మన రాష్ట్రములో జరిగేది చూద్దాము. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వము వేలము వేసిన భూమి ఎకరము 100 కోట్ల 75 లక్షలు పలికినది. 2025 అక్టోబరులో రాయదుర్గములో ఎకరము 177 కోట్లు పలికినది. ఇంత ధర వస్తుంటే ఏ ప్రభుత్వానికైనా భూమి అమ్మాలనే అనిపిస్తుంది. కాని అమ్మిన భూమి మరల రాదని రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమును ఆనుకొని వున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదము ఇందుకు సాక్ష్యము. 2003-04లో ఒక ప్రభుత్వము ఆ భూమిని క్రీడల కంపెనీకి ఇచ్చినది. 2006లో మరొక ప్రభుత్వము రద్దు చేసినది. 2024లో కోర్టు తీర్పు రాష్ట్రానికి అనుకూలముగా వచ్చినది. 2025 మార్చి నెలాఖరున ఐటి పార్కు కొరకు అక్కడి చెట్లు కొట్టిస్తుండగా విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీము కోర్టు ఆ పని ఆపించినది. ఉద్యోగాలు కావాలన్న ప్రభుత్వము మాటలో సత్యము వున్నది. చెట్లు, చెరువులు కావాలన్న విద్యార్థుల మాటలోను సత్యము వున్నది. మేము అడిగేది వేరొక ప్రశ్న. ఎకరము వంద కోట్లకు అమ్ముకొనే రాష్ట్రములో, ఫీజు బకాయిలు రాలేదని 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు తలుపులు ఎందుకు మూసుకొన్నాయి? ఓటు అడుగ వచ్చే ప్రతి పార్టీని ఈ ప్రశ్న అడగవలసినది పట్టణపు వారు కాదు, మనము.

ఉద్యోగాల తీరు కూడ మారుతున్నది. 2025 జులైలో టి.సి.ఎస్. తన ఉద్యోగులలో సుమారు 12,000 మందిని తగ్గిస్తానని ప్రకటించినది. పది మంది చేసే పనిని కంప్యూటరు సహాయముతో నలుగురు చేయగలిగితే కంపెనీ నలుగురినే వుంచుకొంటుంది. మరొక ప్రక్క విదేశీ కంపెనీలు తమ సొంత కార్యాలయాలను హైదరాబాదులో తెరుస్తూనే వున్నాయి. అయితే వారు అడుగుతున్నది సర్టిఫికెట్టు కాదు, పని. అలాగే ఆ మేడల క్రింద బ్రతికే వారిని మరువరాదు. కాపలా కాసేవారు, ఊడ్చేవారు, కార్లు నడిపేవారు, హాస్టళ్ళలో వంట చేసేవారు, పాలమూరు నుండి, శ్రీకాకుళము నుండి వచ్చి గోడలు కట్టినవారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇంజనీర్లు ఇంటి నుండి పని చేసి జీతము తీసుకొన్నారు. వీరు మాత్రము మూట నెత్తిన పెట్టుకొని ఊరు చేరారు.

కాబట్టి తల్లిదండ్రులకు మేము చెప్పదలచినది కొంచెమే. పిల్లలను చదివించండి, హైటెక్ సిటీకి పంపండి. అందులో తప్పు లేదు. కాని వున్న ఒక్క ఎకరమునూ దాని మీద పందెము కాయకండి. ముఖ్యముగా "బ్యాక్‌డోర్" ఉద్యోగమని చెప్పి లక్షలు అడిగేవారి దగ్గరకు పోకండి. మాదాపూర్ చుట్టుప్రక్కల గది అద్దెకు తీసుకొని, డబ్బు తీసుకొని, రెండు నెలలు జీతము ఇచ్చినట్లు నటించి బోర్డు తిప్పేసిన వారిపై సైబరాబాదు పోలీసులు ఎన్నో కేసులు పెట్టారు. పోయిన డబ్బు తిరిగి వచ్చుట అరుదు. మంచి కంపెనీ ఉద్యోగము ఇచ్చుటకు అభ్యర్థిని డబ్బు అడగదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకొంటే ఎందరి పొలాలో మిగులుతాయి.

ఉద్యోగము వచ్చిన పిల్లలకు కూడ ఒక మాట. మొదటి జీతముతోనే కారు అప్పు, ఫ్లాటు అప్పు నెత్తిన వేసుకోకండి. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో చేరిన తరువాత మిగిలినవి ఆలోచించండి. ఉద్యోగము పోయినదని ఫోను చేసిన బిడ్డను, ఊరిలో తల ఎత్తుకోలేమని నిందించకండి. వాషింగ్టన్‌లో ఎవరో చేసిన సంతకానికి ఆ బిడ్డ బాధ్యుడు కాడు. వానలు లేక పంట ఎండిన సంవత్సరము రైతును ఎవరైనా సోమరి అంటారా? ఇదీ అంతే. ఆ బిడ్డ ఇంటికి వస్తే అన్నము పెట్టి, పది రోజులు ఊరుకొని, తరువాత ఏమి చేద్దామని అడగండి.