పదకొండు నెలల సంవత్సరం

పంచాంగంలో క్షయమాసం బహు అరుదుగా వస్తుంది. మన ఇళ్ళ యజమానులు వ్రాయించే అద్దె ఒప్పందాలలో మాత్రం అది ఏటేటా తప్పక వస్తుంది. అక్కడ సంవత్సరానికి 11 నెలలే. పన్నెండవ నెల ఏమైపోయిందని అడిగితే "అందరూ అలాగే వ్రాయిస్తారండీ" అన్న సమాధానం తప్ప మరొకటి రాదు.

ఈ ఆచారం ఒట్టి మూఢనమ్మకమనీ, దానివలన మొదట చెడేది ఇంటి యజమానియే అనీ నా వాదన. నేనూ ఒక చిన్న యజమానినే. పింఛనుతో పాటు మేడమీది వాటాకు వచ్చే అద్దె నా సంసారానికి ఆధారం. కనుక ఇది అద్దెకుండేవారి తరఫున పుచ్చుకొన్న వకాల్తా అని ఎవరూ అనుకోనక్కరలేదు.

ఈ 11 నెలల మూలం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఉన్నది. ఏడాదికి మించిన కౌలును విధిగా రిజిస్టరు చేయించాలని దాని 17వ సెక్షను చెప్పింది. స్టాంపు సుంకమూ, రిజిస్ట్రారు కచేరీ చుట్టూ ప్రదక్షిణలూ తప్పించుకొనే ఉపాయంగా దేశమంతటా ఈ కాగితం ప్రచారంలోకి వచ్చింది. ఇతర రాష్ట్రాలలో ఆ ఉపాయానికి కొంత అర్థమున్నది. మన దగ్గర అదీ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1999లో ఆ సెక్షనును సవరించి, గడువుతో నిమిత్తం లేకుండా స్థిరాస్తి కౌళ్ళన్నిటికీ రిజిస్ట్రేషను తప్పనిసరి చేసింది. తెలంగాణకు ఆ సవరణ వారసత్వంగా సంక్రమించింది. ఏ నిబంధనకు వెరచి మనం ఒక నెలను కోసివేశామో, ఆ నిబంధన ఇక్కడ నెలలు లెక్కపెట్టడమే మానివేసింది. మనం మాత్రం కోస్తూనే ఉన్నాము!

దీని ఫలితమేమిటి? రిజిస్టరు కావలసి ఉండీ కాని దస్తావేజులోని షరతులను న్యాయస్థానం సాక్ష్యంగా స్వీకరించదని అదే చట్టంలోని 49వ సెక్షను అంటున్నది. అతడు అద్దెదారుగానే ఇంట్లో చేరాడని చూపడం వంటి ఆనుషంగిక ప్రయోజనాలకే ఆ కాగితం పనికివస్తుంది. ఏటా పెంచవలసిన అద్దె, ఖాళీచేసేటప్పటి రంగుల ఖర్చు, మూడు నెలల ముందస్తు నోటీసు అంటూ యజమాని ముచ్చటపడి వ్రాయించుకొన్నవన్నీ వాజ్యం వచ్చిననాడు నీటిమీది వ్రాతలే. చివరకు మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టపు నెలవారీ కౌలు. దానిని పదిహేను రోజుల నోటీసుతో ఎవరైనా ముగించవచ్చు. యజమానికి భద్రత లేదు, బడికి వెళ్ళే పిల్లలున్న అద్దెదారుకు అంతకంటే లేదు.

ఇంత గుల్లకాగితాన్ని ఎందుకు పట్టుకొని వ్రేలాడుతున్నాము? రెండు భయాలవలన.

మొదటిది, పన్నెండేళ్ళుంటే ఇల్లు అతనిదైపోతుందన్న భయం. ఇది పూర్తిగా అబద్ధం. పన్నెండేళ్ళ నియమం యజమాని హక్కును ధిక్కరించి అనుభవించేవానికి సంబంధించినది. నా అనుమతితో చేరి, నాకు అద్దె చెల్లిస్తున్నవాని స్వాధీనం ధిక్కారమెట్లా అవుతుంది? పైగా అద్దెదారని నిరూపించే గట్టి దస్తావేజే ఆ భయానికి విరుగుడు. మనవారు భయపడుతూ ఆ విరుగుడునే పారవేస్తున్నారు.

రెండవది, అద్దె నియంత్రణ చట్టమనే దయ్యం. ఉమ్మడి రాష్ట్రపు 1960 నాటి ఆ చట్టాన్ని 2005లోనే సవరించి, నగరపాలక సంస్థలలో నెలకు 3,500 రూపాయలు, ఇతరచోట్ల 2,000 రూపాయలు మించిన అద్దె ఇళ్ళను దాని పరిధినుండి తప్పించారు. నేడు హైదరాబాదులో 3,500కు వాటా ఎక్కడ దొరుకుతుందో చూపించండి, నేనే చేరతాను.

దస్తావేజుమీద నమ్మకం లేనివాడు వేరే ఆధారం వెదుక్కుంటాడు. టులెట్ బోర్డు చూసి వచ్చినవారిని "మీరేమిట్లు?" అని అడగడం అందుకే. కులం, భోజనం, పెళ్ళి అయినదీ లేనిదీ విచారిస్తారు. జీతమెంతో, పాత ఇంట్లో అద్దె సక్రమంగా కట్టారో లేదో విచారించరు. కులం ఒకటైనంత మాత్రాన ఒకటవ తేదీకి అద్దె వస్తుందని ఏ శాస్త్రంలో ఉన్నది? ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడిగా అంటున్నాను, ఇది అవివేకమే కాదు, అవమానకరం కూడా.

యజమాని కష్టాలు అబద్ధమని నేననను. కోటి రూపాయల ఇంటికి నెలకు 25,000 వస్తే సాలీనా మూడు శాతమే. మరమ్మతులు, ఇంటిపన్ను అందులోనివే. మొండికేసినవానిని లేపడానికి సివిలు కోర్టులో ఏళ్ళు గడుస్తాయి. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలోని పట్టణాలలో సుమారు 1.1 కోట్ల ఇళ్ళు ఖాళీగా ఉండడానికి ఈ భయమూ ఒక కారణం. అందుకే 2021 జూన్‌లో కేంద్ర మంత్రిమండలి ఆదర్శ అద్దె చట్టాన్ని ఆమోదించింది. ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. గడువు తీరినా కదలనివాడు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగురెట్లు చెల్లించాలి. నీళ్ళు, కరెంటు కట్టివేసే యజమానికీ అందులో శిక్ష ఉన్నది. ప్రత్యేక అద్దె న్యాయస్థానాలూ ఉంటాయి. ఇది నమూనా మాత్రమే; అమలుకు రాష్ట్రాలు చట్టం చేయాలి. చేయాలని మనం అడగవలసిందే.

కాని ఒక్క మాట. ఆ నమూనాకు పునాది వ్రాతపూర్వకమైన ఒప్పందం, దానిని అధికారికి తెలియజేయడం. అద్దెను నగదుగా పుచ్చుకొని పన్నులవారికి కనబడకుండా దాచేవాడు ఏ ముఖంతో ఆ న్యాయస్థానం మెట్లెక్కుతాడు? అద్దె రాబడిలో పన్నుకు ముందే నూటికి ముప్పై వంతులు మినహాయింపు ఉన్నది. అదీ చాలక చట్టంనుండి దాక్కుంటూనే చట్టం రక్షించలేదని వాపోవడం ఎక్కడి న్యాయం?

మా మేడమీది వాటాకు మూడేళ్ళ రిజిస్టరు దస్తావేజు ఉన్నది. ఖర్చు చెరిసగం భరించాము. పెంపు ఎంతో, రంగులెవరివో, ఎన్నాళ్ళ ముందు చెప్పాలో అందులో ఉన్నది. అటువంటిది వ్రాయించుకొన్న తరువాతనే ప్రభుత్వాన్ని నిలదీయండి. అప్పుడు మన మాటకు బలముంటుంది.