పోటు తెలిసిన పిల్లలు

మొగ్గ విచ్చుకుంది, పిల్ల పెద్దదైంది. ఈ జత మన కథల్లో అరిగిపోయింది. ఎదగడం అంత మెత్తగా జరిగే పనైతే దాని మీద కథే అక్కర్లేదు. నామిని ‘పచ్చ నాకు సాక్షిగా’ కథల్లో చేనూ, గొడ్డూ, వానా అలంకారాలు కావు, అమ్మ చాకిరీతో ముడిపడ్డవి. అందుకే అవి గుర్తుండిపోతాయి. ప్రకృతి ప్రతీక కావాలంటే ముందు కథలో అది పని చెయ్యాలి.

యాంగోన్ నది ఒడ్డున రేవు ప్రాంతం సేక్కాన్‌ను తలుచుకుంటే ఈ మాట మరీ నిజమనిపిస్తుంది. ‘రంగం’, అంటే నేటి యాంగోన్ అయిన రంగూన్, వెళ్ళిన మనవాళ్ళు వేలమంది అక్కడి రేవులో బస్తాలు మోశారు. మన తీరంలోని కోరంగి రేవు పేరు మీద బర్మాలో వాళ్ళు కోరంగీలయ్యారు. 1839 తుపాను ఆ రేవును ఊడ్చేసినా పేరు సముద్రం అవతల బతికింది.

యాంగోన్ నదిలోకి సముద్రపు పోటు వస్తుంది. రోజుకు రెండుసార్లు నీళ్ళెక్కుతాయి, రెండుసార్లు తీస్తాయి. పోటు మీద పడవ ఒడ్డుకు దాదాపు సమంగా నిలుస్తుంది, దిగడానికి వేసిన బల్ల మీద నడక తేలిక. నీళ్ళు తీసేసరికి పడవ కిందికి దిగిపోతుంది, బల్ల నిటారవుతుంది, దాని కింద అడుసు. ధాన్యం బస్తా వీపునేసుకుని ఆ వాలు ఎక్కుతున్న అయ్య మోకాళ్ళు వణకడం, అన్నం క్యారేజీ పట్టుకొచ్చిన కొడుకు చూస్తాడనుకోండి. అయ్య బలానికీ హద్దుందని ఆ పూట తెలుస్తుంది. పిల్లాడి బాల్యం అయిపోయిందని రచయిత వేరే చెప్పనక్కర్లేదు.

పువ్వును వద్దనడం లేదు. పడౌక్ చెట్టు మన శేషాచలం ఎర్రచందనానికి దగ్గర చుట్టం. ఏప్రిల్‌లో తొలి జల్లు పడ్డాక పసుప్పచ్చగా విరగబూస్తుంది, ఆ పూలు మర్నాటికే రాలిపోతాయి. బర్మా ఆడపిల్లలు వాటిని తలలో తురుముకుంటారు. కూలీ కూతురు ఆ పువ్వు పెట్టుకుని ఇంటికొస్తే, ఈ పిల్ల ఏ దేశపు పిల్లగా పెరుగుతోందని అమ్మకు గుబులు పుట్టవచ్చు. అలాంటి పువ్వయితే కథలోకి రానివ్వాలి.

ఆ పిల్లల చుట్టూ చరిత్రా నడిచింది. 1930 మేలో రేవు పని విషయమై తెలుగు, బర్మా కూలీల మధ్య రక్తం పారింది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. 1942లో అడవులూ కొండలూ దాటి నడిచొచ్చిన కుటుంబాల్లో పిల్లలున్నారు. 1960ల్లో మరికొందరు తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు ఆ రాకకు గుర్తు. అప్పటి పిల్లలు ఇప్పుడు వయసు మళ్ళినవాళ్ళు. కథకులు వాళ్ళ దగ్గర కూర్చోవాలి. ఎప్పుడొచ్చారని కాదు, ఆ నదిని చూసి మొదటిసారి ఎప్పుడు భయపడ్డారని అడగాలి. ఆ కథలు వేసుకోవడానికి మా పేజీలు సిద్ధంగా ఉన్నాయి.