61 రోజులు ఆగిన బోటు: ఫోన్‌ని నమ్మి సముద్రంలోకి వెళ్లొద్దు

జూన్ 14 అర్ధరాత్రితో తూర్పు తీరంలో వేట నిషేధం ముగుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి లెక్కేస్తే 61 రోజులు. ఆ చివరి వారంలో మా హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ మీదుగా బందరు వెళ్లి, గిలకలదిండి హార్బర్ ఒకసారి చూడండి. బోటు అడుగు గీకి రంగు వేస్తుంటారు, ఇంజిన్ విప్పుతారు, వలలు బాగుచేసుకుంటారు. ఆ పనుల్లో వాళ్లకి మనం చెప్పేదేం లేదు. నా పేచీ అంతా క్యాబిన్‌లో ఉన్న ఎలక్ట్రానిక్స్ గురించే. "ఫోన్ ఉందిగా" అనే ధీమా వచ్చాక వాటిని పట్టించుకోవడం తగ్గింది.

సూటిగా చెప్తా: సముద్రంలో ఫోన్ ఒక మంచి మ్యాప్, అంతే. సిగ్నల్ లేకున్నా జీపీఎస్ పనిచేస్తుంది, ముందే డౌన్‌లోడ్ చేసిన మ్యాప్ కనిపిస్తుంది. కానీ తీరం దూరమయ్యాక కాల్ వెళ్లదు. ఐపీ68 అంటారా? ఆ టెస్ట్ చేసేది మంచినీళ్లలో. ఉప్పునీళ్లు చార్జింగ్ పోర్ట్‌ని తినేస్తాయి. ఫారిన్ యూట్యూబర్లు పొగిడే శాటిలైట్ మెసెంజర్లు మాత్రం ఆర్డర్ పెట్టకండి. మన దేశంలో అనుమతి లేకుండా వాడితే కేసవుతుంది.

మరి బయల్దేరే ముందు ఏం చూడాలి?

బ్యాటరీ: వాడకుండా ఉంచిన లెడ్ యాసిడ్ బ్యాటరీ దానంతట అదే దిగిపోతుంది. ఫుల్ చార్జ్ చేసి, కొన్ని గంటలాగి మల్టీమీటర్‌తో చూడండి. 12.6 వోల్ట్‌ల దగ్గర ఉంటే ఓకే. టెర్మినల్స్ తుప్పు గీకండి.

జీపీఎస్: రెండు నెలలు ఆఫ్‌లో ఉంటే పాత ఉపగ్రహ సమాచారం పనికిరాదు. కొత్త ఆల్మనాక్ మొత్తం దిగడానికి 12.5 నిమిషాలు పడుతుంది. జెట్టీ దగ్గరే ఆన్ చేసి ఉంచండి.

వీహెచ్‌ఎఫ్: పక్క బోటుతో మాట్లాడి చూడండి, ఛానల్ 16 మీద మాత్రం వద్దు. అది ఆపదకి. యాంటెన్నా కనెక్టర్‌లో పచ్చ తుప్పుంటే మార్చేయండి.

డాట్: ఇస్రో తయారుచేసిన ఆపద సంకేత పరికరం. మీట నొక్కితే సందేశం ఉపగ్రహం ద్వారా చెన్నైలోని కోస్ట్ గార్డ్ కేంద్రానికి చేరుతుంది. 2024 జనవరిలో వచ్చిన రెండో తరంలో "మీ సందేశం అందింది" అని జవాబు కూడా వస్తుంది. బ్యాటరీ గడువు తేదీ చూడండి. సరదాకి మీట నొక్కొద్దు.

ఖర్చా? వీటిలో చాలావాటికి పైసా పడదు. హైదరాబాద్ ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలూ ఉచితమే.

ఇయర్‌బడ్స్ కొనడానికి పది రివ్యూలు చదివే మనం, తీరంలో చుట్టాలుంటే ఒక్క సాయంత్రం మల్టీమీటర్ పట్టుకుని వాళ్ల బోటెక్కొచ్చు. బాబాయికి కొత్త ఫోన్ కొనిచ్చే ముందు ఆ డాట్ మీద తేదీ చదివి చెప్పండి. ఆయనకి ఈ సీజన్‌లో అంతకంటే పనికొచ్చే గాడ్జెట్ సాయం ఇంకోటి లేదు.